మార్జిన్ నెగటివ్ అన్నాక కూడా అదే రొమ్ములో గడ్డ మళ్ళీ ఎందుకొచ్చింది?

మీరు అడిగింది ఇదీ: అక్కకు రొమ్ము ఉంచి క్యాన్సర్ గడ్డ మాత్రమే తీశారు, మార్జిన్ (తీసిన ముక్క అంచు) నెగటివ్ అని రిపోర్టు వచ్చింది, రేడియేషన్ కూడా పూర్తయింది, మూడేళ్ళకు అదే వైపు మళ్ళీ గడ్డ. ఆపరేషన్‌లో ఏదైనా పొరపాటు జరిగిందా? చాలాసార్లు అలా ఏమీ జరగదు. ఆ "నెగటివ్" అన్న మాటకు అర్థం మనం అనుకునేంత పెద్దది కాదు, అంతే.

తీసిన ముక్కకు సర్జన్ దారాలు కట్టి పంపుతారు. సాధారణంగా పొట్టి దారం పైవైపుకి, పొడుగుది చంక వైపుకి గుర్తు. ల్యాబులో ముక్క చుట్టూ ఇంకు పూసి, రొట్టె కోసినట్టు పలకలుగా కోసి, అనుమానమున్న చోట్ల చిన్న ముక్కలను మైనంలో పెట్టి బ్లాకులు చేస్తారు. ఒక్కో బ్లాకు నుంచి స్లైడు మీదికి వచ్చేది నాలుగైదు మైక్రాన్ల పొర. ఆ పొరలో క్యాన్సర్ కణం ఇంకును తాకకపోతే నెగటివ్. ఇన్వేసివ్ క్యాన్సర్‌కు (పాల నాళం దాటి పక్కకు చొచ్చుకుపోయినదానికి) 2014 నుంచి విస్తృతంగా పాటిస్తున్న కొలత ఇదే. పాల నాళాల్లోనే ఉండే తొలిదశ క్యాన్సర్ డీసీఐఎస్‌కైతే 2 మి.మీ. ఖాళీ ఉండాలంటారు. ఏదైనా ఇది తీసిన ముక్క అంచు గురించిన మాట. రొమ్ములో మిగిలిన దాని గురించి ఆ స్లైడుకు ఏమీ తెలియదు.

మిగిలేది ఏమిటంటే, ఒకే గడ్డ అనుకుని పూర్తిగా తీసేసిన రొమ్ములను 1980లలో పలచగా కోసి పరీక్షిస్తే, గడ్డకు 2 సెం.మీ. అవతల కూడా పదిమందిలో నలుగురికి పైగా చిన్న చిన్న క్యాన్సర్ జాడలు దొరికాయి. డీసీఐఎస్ నాళం వెంట మధ్యమధ్య ఖాళీలు వదులుతూ పాకుతుంది కాబట్టి, అంచు శుభ్రంగా ఉన్నా అవతల ఇంకో ముక్క ఉండొచ్చు. రేడియేషన్ ఇచ్చేది వాటి కోసమే. అమెరికాలో జరిగిన ఎన్‌ఎస్‌ఏబీపీ బీ-06 ట్రయల్‌లో 20 ఏళ్ళకు అదే రొమ్ములో తిరగబెట్టడం, గడ్డ మాత్రమే తీసినవాళ్ళలో 39 శాతం, రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్ళలో 14 శాతం. బాగా తగ్గింది, సున్నా కాలేదు. రేడియేషన్‌కు లొంగని కణాలు కొన్ని ఉంటాయి.

వయసు పెద్ద తేడా చేస్తుంది. గడ్డ ఉన్నచోట అదనంగా 16 గ్రే (రేడియేషన్ కొలత) బూస్ట్ ఇచ్చి చూసిన యూరప్ ట్రయల్‌లో, 40 ఏళ్ళు, అంతకు తక్కువ వయసువాళ్ళకు 20 ఏళ్ళలో తిరగబెట్టడం 36 నుంచి 24 శాతానికి తగ్గింది. అంత తగ్గినా మిగిలింది ఎక్కువే. రక్త, లింఫ్ నాళాల్లో కణాలు కనిపించడం, ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు లేని, హెర్2 ప్రోటీన్ ఎక్కువగా లేని) రకం కావడం కూడా ముప్పును పెంచుతాయి. ట్రిపుల్ నెగటివ్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే తిరగబెడుతుంది. ఈఆర్ పాజిటివ్ పదేళ్ళ తర్వాత కూడా రావచ్చు, అందుకే హార్మోన్ మాత్రలు మధ్యలో మానేయడం నష్టం.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పాత మచ్చ దగ్గర గట్టిగా తగిలేదంతా క్యాన్సర్ కాదు. రేడియేషన్ తర్వాత కొవ్వు చచ్చి గడ్డకట్టినా అచ్చం అలాగే ఉంటుంది. మెత్తబడుతూ వచ్చిన మచ్చ మళ్ళీ గట్టిపడితే మాత్రం అనుమానించాలి. చేత్తో చూసి తేల్చొద్దు, కోర్ బయాప్సీ (లావు సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయించండి. వీలైతే పాత బ్లాకులు తెప్పించి కొత్తదానితో పోల్చమనండి. అదే చోట అదే రకమైతే పాతది తిరగబెట్టినట్టు, వేరే మూలలో వేరే రకమైతే చాలావరకు కొత్త క్యాన్సర్. అప్పుడు జన్యు పరీక్ష గురించి కూడా అడగండి.

ఈఆర్, పీఆర్, హెర్2 మళ్ళీ చేయించాల్సిందే, అవి మారతాయి. పాత రిపోర్టు చూసి మందు రాయనివ్వకండి. ఆపరేషన్‌కు ముందే మిగతా ఒంట్లో ఎక్కడా లేదని స్కాన్‌తో చూసుకోవాలి. ఎక్కడా లేదని తేలితే సాధారణంగా రొమ్ము పూర్తిగా తీసేస్తారు. ఈఆర్ నెగటివ్ అయితే ఆ తర్వాత కీమో వల్ల మేలు జరుగుతుందని ట్రయల్‌లో తేలింది. రొమ్ముకే పరిమితమైన గడ్డను ఇప్పటికీ పూర్తిగా నయం చేసే ఉద్దేశంతోనే చికిత్స చేస్తారు. ఈ మాట అక్కకు ముందుగా చెప్పండి.