ఆత్మహత్యల వెనుక సామాజిక, ఆర్థిక కారణాలు: ఏ పీజీ చదవాలి?

ప్రశ్న: బీఏ చివరి సంవత్సరం చదువుతున్నా. మాది నర్సంపేట దగ్గర పల్లె. రైతుల ఆత్మహత్యల వెనుక ఉన్న కారణాలపై పనిచేయాలని ఉంది. అందరూ సైకాలజీ చేయమంటున్నారు. నిజమేనా? – ఓ విద్యార్థిని

జవాబు: సైకాలజీ వద్దనను గానీ, మీ ప్రశ్నకు అది సగమే జవాబిస్తుంది. ఒక మనిషి ఎందుకు కుంగిపోయాడన్నది వేరు, ఒకే తరహా కుటుంబాల్లో ఆత్మహత్యలు ఎందుకు ఎక్కువన్నది వేరు. ఈ రెండోదాన్ని ఫ్రెంచ్ సామాజికవేత్త ఎమిల్ దుర్‌ఖైమ్ 1897లోనే సామాజిక శాస్త్రం కిందికి తెచ్చాడు. మీరు చూడాల్సింది ఎంఏ సోషియాలజీ, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ). పరిశోధనకు మొదటిది, కుటుంబాల మధ్య పనిచేయడానికి రెండోది. కాకతీయ యూనివర్సిటీలో సీటుకు సీపీగెట్ (తెలంగాణ ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి: 90 నిమిషాలు, 100 ప్రశ్నలు. టిస్‌కు (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ.

కోర్సు కన్నా ముఖ్యం, లెక్కలను అనుమానంగా చదవడం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. నాలుగో వంతుకు పైగా రోజుకూలీలే. ఇవి పోలీసు రికార్డుల నుంచి తీసినవి. కారణం దగ్గర ‘కుటుంబ సమస్యలు’ అని పడితే, ఆ గొడవకు మూలమైన అప్పు లెక్కలోకే రాదు. కౌలు రైతు పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం ఉండదు కాబట్టి, అతణ్ని కూలీ కింద రాసేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పాసుపుస్తకం లేకపోతే బ్యాంకులో పంట రుణం దొరకడమూ కష్టమే. 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే ఏడాదికి 4 శాతం వడ్డీ. బయట నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం. లక్ష మీద తేడా 32 వేలు! ఎరువులు ఉద్దెర ఇచ్చినవాడికే పత్తి అమ్మాలన్న షరతు ఉంటే, ధర అడిగే వీలూ పోతుంది. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి చేలను పురుగు తినేసిన సంగతి మీ పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పురుగు అందరి చేలమీదా పడింది. ఎవరు తట్టుకున్నారు, ఎవరు తట్టుకోలేకపోయారు, ఎందుకు? మీ పరిశోధన అక్కడ మొదలవుతుంది.

ఇప్పటి నుంచే మీ ఊళ్లో పది పత్తి కుటుంబాల జమాఖర్చులు రాయండి: విత్తనం, ఎరువులు, కూలీ, కౌలు, అప్పు ఎక్కడిది, మిత్తి ఎంత. పేర్లు రాయొద్దు. మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకు మాత్రం శిక్షణ, గైడ్ అనుమతి లేకుండా వెళ్లకండి. ‘ఎలా జరిగింది’ అని ఎప్పుడూ అడగొద్దు. మాటల మధ్య ఎవరైనా బతకాలని లేదంటే, పుస్తకం మూసేయండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా, పక్కనే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ కలపండి.