పేపర్లో వచ్చింది వార్తా, డబ్బిచ్చి వేయించుకున్నదా: ఎలా పోల్చుకోవాలి?

ఎన్నికలప్పుడు జిల్లా పేజీల్లో ఏది వార్తో, ఏది పెయిడ్ న్యూసో మామూలు పాఠకుడికి తెలుస్తుందా అని అడిగారు. తెలుస్తుంది. విలేకరిగానూ డెస్కులోనూ పనిచేసినవాడిగా గట్టిగా చెబుతున్నాను. రెండు పోటీ పేపర్లు, ఒక స్కేలు, వారం రోజుల ఓపిక ఉంటే చాలు.

మెయిన్ పేజీలు పక్కన పెట్టి, నియోజకవర్గం వార్తలు తీయండి. ముందుగా మాటలు చూడండి. ‘బ్రహ్మరథం పట్టారు’, ‘జననీరాజనం’, ‘అడుగడుగునా హారతులు’, ‘పోటెత్తిన జనం’. వీటిలో రెండు ఒకే ఐటమ్‌లో కనిపిస్తే అనుమానించాలి. అభ్యర్థి వెంట నిజంగా తిరిగిన విలేకరి ఏ ఊళ్లో ఎన్నింటికి మొదలైందో, ఎవరు ఏం అడిగారో రాస్తాడు. కుళాయి రావట్లేదని ఖాళీ బిందెతో ప్రచార రథానికి అడ్డం నిలబడ్డ మనిషి అందులో ఉంటుంది. డబ్బిచ్చి వేయించుకున్న దాంట్లో ఆ బిందె ఉండదు.

తర్వాత, ‘అన్నారు’ ఎక్కడుందో వెతకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రెండు పేపర్లలో ఒకే వాక్యాలు ఉన్నంత మాత్రాన డబ్బు చేతులు మారినట్టు కాదు. పార్టీ ఆఫీసు ఇచ్చిన ప్రెస్‌నోటును ఇద్దరూ యథాతథంగా పంపి ఉండొచ్చు. అది బద్ధకం. కానీ ప్రెస్‌నోటులో చెప్పినవాడు ఉంటాడు, ‘ఒక ప్రకటనలో తెలిపారు’ అని ఉంటుంది. పెయిడ్ ఐటమ్‌లో చెప్పినవాడు ఉండడు. ‘గెలుపు ఖాయం’ అని పేపరే నేరుగా అనేస్తుంది. చెప్పినవాడు లేని పొగడ్త, అదే ఫొటోతో, ఒకే రోజు రెండు పోటీ పేపర్లలో వచ్చిందంటే ఇక సందేహం అక్కర్లేదు.

మూడోది కొలత. ఒక్కో అభ్యర్థికి రోజూ ఎన్ని చదరపు సెంటీమీటర్లు ఇచ్చారో రాసుకోండి. మామూలు వార్తకు నిలకడైన సైజు ఉండదు. ఒకరోజు సింగిల్ కాలమ్, మరోరోజు బ్యానర్. రోజూ అదే చోట, అదే కొలతలో పడుతోందంటే అది ప్యాకేజీ, అంటే ఇంత డబ్బుకు ఇంత జాగా అని ముందే కుదుర్చుకున్న బేరం. పోటీలో ఉన్న ఒక ముఖ్య అభ్యర్థి వారం పాటు అసలు కనిపించకపోవడం కూడా ప్యాకేజీలో భాగమే. లేని వార్తను ఎవరూ కత్తిరించి దాచుకోలేరు కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం.

ఇదంతా చిన్న విషయం కాదనడానికి ఉత్తరప్రదేశ్‌లో ఉమ్లేశ్ యాదవ్ కేసు చాలు. ఆమె 2007లో బిసౌలీ నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. వార్తలా కనిపించే ప్రకటన ఒకటి పేపర్లో వచ్చిందని ఓడిపోయిన అభ్యర్థి ఫిర్యాదు చేశారు. కింద చిన్న అక్షరాల్లో ‘ప్రకటన’ అనే గుర్తు ఉందని పేపరు వాదించింది. చదివేవాడికి అది వార్తలాగే కనిపిస్తుందని ప్రెస్ కౌన్సిల్ తేల్చింది. పత్రికల మీద ఫిర్యాదులు విచారించే సంస్థ అది, అందులో ఎక్కువమంది పత్రికలవాళ్లే. ఖర్చు లెక్కలో చూపని మొత్తం రూ.21,250. ఆ లెక్క మీదే ఎన్నికల సంఘం 2011 అక్టోబరులో ఆమెను మూడేళ్లపాటు అనర్హురాలిగా ప్రకటించింది.

మన దగ్గర అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి రూ.40 లక్షలు. పెయిడ్ న్యూస్ ఆ లెక్కకు అందని ఖర్చు. ఎన్నికలప్పుడు మీడియాలో వచ్చేవాటిని గమనించేందుకు జిల్లాలో ఎంసీఎంసీ అనే కమిటీ ఉంటుంది. అది పెయిడ్ న్యూస్ అని భావిస్తే రిటర్నింగ్ అధికారి 96 గంటల్లోపు అభ్యర్థికి నోటీసు ఇవ్వాలి, అభ్యర్థి 48 గంటల్లో జవాబు చెప్పాలి. తేలితే ఆ జాగాకు రేటు కట్టి అతని ఖర్చులో కలుపుతారు. ఫిర్యాదు చేసేవారు ఐటమ్‌ను మాత్రమే కత్తిరించొద్దు. పేజీ మొత్తం ఉంచండి. తేదీ, ఎడిషన్ పేరు, పేజీ నంబరు పైన ఉంటాయి. అవి పోతే ఆ ముక్క ఎందుకూ పనికిరాదు.

2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ దీని మీద పరంజయ్ గుహా ఠాకుర్తా, కె.శ్రీనివాస్‌రెడ్డిలతో ఉపసంఘం వేసింది. పేపర్ల పేర్లతో సహా వాళ్లిచ్చిన పూర్తి నివేదికను 2010లో బయటపెట్టలేదు. కేంద్ర సమాచార కమిషన్ చెబితే 2011లో వచ్చింది. పేపర్ల తప్పును పేపర్లే కప్పిపెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ తప్పు ఎక్కడ మొదలవుతుందంటే అందరూ యజమానుల దగ్గరే ఆగిపోతారు. నేను మండలం దాకా వెళ్లమంటాను. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి, దాన్ని బట్టి లైనేజీ అని కొంత డబ్బు ఇస్తారు. పెట్రోలు, ఫోను ఖర్చులకే అది చాలదు. పైగా ఉగాదికి, ఆగస్టు 15కు, నాయకుల పుట్టినరోజులకు యాడ్ టార్గెట్. అందులో వచ్చే కమీషన్‌తోనే ఇల్లు గడవాలి. పొద్దున సర్పంచి దగ్గర యాడ్ అడిగినవాడు, సాయంత్రం అదే సర్పంచి వేసిన సిమెంటు రోడ్డు నాసిరకమని ఎలా రాస్తాడు? రాసి పంపినా, యాడ్ ఇచ్చిన మనిషి కదా అని ఆపేస్తారు. ఎన్నికలొచ్చేసరికి ప్యాకేజీ మాట్లాడేందుకు కూడా అతన్నే పంపుతారు. నెలనెలా ఇంత అని అతనికి జీతం కట్టని పేపరు పెయిడ్ న్యూస్ వేయదంటే నేను నమ్మను.