వాకింగ్‌తో షుగర్ కంట్రోల్‌లో ఉంటే, ఆరోగ్య బీమా ఫారంలో షుగర్ ఉందని రాయాలా?

రాయాలి, ఈమధ్య రిపోర్టులన్నీ నార్మల్‌గా వచ్చినా సరే. ఫారం అడిగేది ఈరోజు ఒంట్లో షుగర్ ఎంత ఉందని కాదు, జబ్బు ఉన్నట్టు డాక్టర్ ఎప్పుడైనా చెప్పారా, మందులు వాడారా అని. పాలసీకి ముందు 36 నెలల్లో బయటపడిన లేదా చికిత్స తీసుకున్న జబ్బును ‘ముందే ఉన్న జబ్బు’గా లెక్కిస్తారు. దానికి వెయిటింగ్, అంటే ఆ జబ్బుకు క్లెయిమ్ ఇవ్వని కాలం, 36 నెలలు మించకూడదని 2024 నుంచి రూలు. దాచిపెడితే మాత్రం, రేపు ఆసుపత్రి కేస్‌షీట్‌లో ‘రెండేళ్లుగా షుగర్’ అన్న ఒక్క ముక్క చాలు, క్లెయిమ్ ఆగిపోవడానికి.

హనుమకొండలో 64 ఏళ్ల రిటైర్డ్ టీచర్ అనుకోండి. పొద్దున్నే భద్రకాళి బండ్ మీద నడక, రోజుకో అర మాత్ర. 3 లక్షల పాలసీ తీసుకుని ఆరేళ్లయింది, షుగర్ బయటపడి రెండేళ్లు. ఇప్పుడు రెన్యువల్‌లో కవరేజీని 10 లక్షలకు పెంచితే, పాత 3 లక్షలకు ఇబ్బంది లేదు. కొత్తగా కలిసిన 7 లక్షలకే షుగర్ సంగతి చెప్పాలి, వెయిటింగూ దానికే. అందుకే పెంచే ఆలోచనుంటే ఆలస్యం చేయొద్దు.

చాలామంది పొరపడేది ఇంకోచోట: ‘ఐదేళ్లు దాటితే ఏమీ అడగరట’ అని. 60 నెలల తర్వాత చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించలేరన్నది నిజమే, కానీ మోసం రుజువైతే ఆ రక్షణ ఉండదు. కొన్ని పాలసీల్లో నడకకు ప్రీమియం డిస్కౌంట్ ఇస్తారు. అది తగ్గింపే, జబ్బు లేదన్న సర్టిఫికెట్ కాదు.