వర్క్‌షాపు బాధ్యత చేపట్టిన శిష్యురాలికి

గాజువాక, విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపుతోపాటు ప్లేస్‌మెంటు బాధ్యతను కూడా నీకే అప్పగించారని, రెండింటినీ ఎలా ఈదుకురావాలో చెప్పమని నీవు రాసిన ఉత్తరం అందింది. రెండు బరువులు ఒకే భుజం మీద పడ్డాయని నీవు దిగులుపడుతున్నావు గాని, వెల్డింగు షాపులో పిల్లల మధ్య ముప్పై ఏళ్లు గడిపిన నాకు మాత్రం అవి ఒకరి చేతికే రావడం మంచిదనిపించింది. మూడేళ్లపాటు పనిని ఒక గదిలో నేర్పి, చివరి ఏడాదిలో నాలుగు వారాలు మరొక గదిలో కూర్చోబెట్టి ఉద్యోగానికి తయారు చేస్తున్నామనుకోవడమే ఇన్నాళ్లూ మనం చేసిన తప్పు.

నా చేతుల మీదుగా జరిగిన పొరపాటు ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీ వారు ఇంటర్వ్యూలకు వస్తే, ఆ బ్యాచ్‌లో బాగా చెయ్యి తిరిగిన కుర్రవాణ్ని అందరికంటే ముందు పంపాను. బట్ జాయింటుకు (రెండు ప్లేట్ల అంచులు ఎదురెదురుగా పెట్టి వేసే అతుకు) ఏ ఎలక్ట్రోడ్ (పూత పూసిన వెల్డింగు కడ్డీ) వాడావు, కరెంటు ఎంత పెట్టావు అని వారు అడిగేసరికి అతనికి నోట మాట రాలేదు. జాబ్, అంటే వర్క్‌షాపులో చేసిన ఆ ముక్క, అతడు చేసినదే, చక్కగా కుదిరినదే. రికార్డు పుస్తకం మాత్రం సీనియర్ దగ్గర తెచ్చుకుని ఎత్తి రాసినది. ఆ పేజీల కింద ఎర్ర సిరాతో సంతకం పెట్టినది నేను.

కాబట్టి ముందు రికార్డును పట్టుకో. లక్ష్యం, పరికరాలు, విధానం, ఫలితం అనే నాలుగు శీర్షికలను పరీక్ష కోసం ఉండనిచ్చి, ప్రతి జాబ్ చివర ఒక అరపేజీని ఖాళీగా వదిలించు. ప్లేటు మందం ఎంత, రూట్ గ్యాప్ (ప్లేట్ల అంచుల మధ్య సందు) ఎంత వదిలారు, ఏ సైజు ఎలక్ట్రోడ్, ఎన్ని ఆంపియర్లు, ఎంతసేపు పట్టింది, ఎక్కడ చెడింది, రెండోసారి ఏమి మార్చారు అనే సంగతులను అక్కడ వారి సొంత మాటల్లో, వర్క్‌షాపు దాటి బయటికి వెళ్లకముందే రాయించాలి. మొదటి ఏడాది తెలుగులో రాసినా అభ్యంతరం పెట్టకు. చెప్పవలసిన విషయం లోపల ఉంటే, చివరి ఏడాదికి దానిని ఇంగ్లీషులో చెప్పించడం పెద్ద కష్టం కాదు; లోపల ఏమీ లేనివాడికి స్పోకెన్ ఇంగ్లీషు తరగతులు ఎన్ని పెట్టించినా తనను తాను పరిచయం చేసుకునే ఆ నాలుగు వాక్యాలు దాటి ముందుకు పోలేడు.

జాబ్ పూర్తికాగానే మార్కులు వేసి పక్కన పడేయకుండా, దానిని విరగ్గొట్టించు. వెల్డు అంచుల్లో హాక్సాతో గాటు పెట్టి, వైస్‌లో బిగించి, కళ్లద్దాలు పెట్టించి సుత్తితో కొట్టిస్తే, పైకి నున్నగా కనిపించిన వెల్డు లోపల పురుగు తొలిచినట్టు సన్నని బెజ్జాలో, ఇరుక్కుపోయిన స్లాగ్ (పూత కరిగి మిగిలిన చిట్టెం) ముక్కో బయటపడుతుంది. మన ఊరి ఉప్పు గాలిలో తేమ ఎక్కువన్నది నీకు తెలిసినదే. హైడ్రోజన్ తక్కువగా ఉండేలా చేసిన 7018 రకం ఎలక్ట్రోడ్ల పూత ఆ తేమను పీల్చుకుంటుంది కాబట్టే వాటిని ఓవెన్‌లో కాల్చి, వేడి చల్లారకుండా వాడుకోవాలి. వానాకాలంలో నాలుగు రోజులు తెరిచి ఉంచిన ప్యాకెట్టులోనుంచి ఒకటి, ఓవెన్‌లోనుంచి తీసినది ఒకటి ఇచ్చి, రెండు ముక్కలనూ విరగ్గొట్టించి పక్కపక్కన పెట్టించు. తేమ పీల్చిన దానిలో బెజ్జాలు కనబడినా కనబడకపోయినా, ఆ తేమ నుంచి లోపలికి చేరిన హైడ్రోజన్ వల్ల వెల్డు చల్లారిన తరువాత కూడా పగులు రావచ్చునని అప్పుడే చెప్పు. ఆ తేడాను కళ్లతో చూసి, తన చేత్తో రాసుకున్న పిల్లవాణ్ని ఇంటర్వ్యూలో ఎవరైనా కదిలిస్తే పది నిమిషాలు ఆపకుండా మాట్లాడతాడు.

అప్పుడప్పుడు నిజమైన పని కూడా తెప్పించు. హాస్టలు బెంచీల కాళ్లు, తోటకు గేటు, ఏదైనా సరే. డ్రాయింగు గీసి, బరువు కట్టి, ఖర్చు అంచనా వేసి, ప్రిన్సిపాల్‌గారి చేత ఒప్పించిన తరువాతనే పిల్లలు ఇనుము ముట్టుకోవాలి. 6 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోల పైచిలుకు తూగుతుందని లెక్క కట్టి, ఆటోనగర్‌కు వెళ్లి ధర అడిగి వచ్చినవాడికి ఎస్టిమేషన్ అనే పాఠాన్ని మళ్లీ చెప్పనక్కరలేదు.

బయటివారిని పిలిచేటప్పుడు పెద్ద పెద్ద మేనేజర్ల వెంట పడకు. వారు వేదికెక్కి గంటసేపు మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళతారు (నేను కూడా కప్పాను, నాలుగైదు). 1948లో ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ ఓడ నీటిలోకి దిగిన ఊరు మనది. షిప్‌యార్డులోనూ, పోర్టులోనూ, స్టీల్‌ప్లాంటులోనూ ఫోర్‌మన్లుగా, చార్జిమన్లుగా పనిచేసి దిగిపోయినవారు మల్కాపురం నుంచి కూర్మన్నపాలెం వరకు వీధి వీధినా ఉన్నారు. అటువంటివారిని నెలకొక శనివారం రప్పించి, ఉపన్యాసం చెప్పమనకుండా, బల్లల వెంట నడుస్తూ ఒక్కొక్క జాబ్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఇది ఇలా ఎందుకు చేశావని అడగమను. మొదటి నెల పిల్లలు బిక్కమొహం వేస్తారు. ఆ శనివారాన్నే వైవాగా (మౌఖిక పరీక్షగా) లెక్కగట్టి మార్కులు ఇస్తే, మూడో నెలకు వారే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెడతారు.

పారిశ్రామిక శిక్షణకు పంపిన పిల్లలను నెలకొకసారైనా వెళ్లి చూడు. జిరాక్సు యంత్రం దగ్గర నిలబెట్టి ఉంటే అక్కడి సూపర్‌వైజర్‌తో మర్యాదగానే మాట్లాడి, షాపు ఫ్లోర్‌లో పని ఇప్పించు. ఆడపిల్లల విషయంలో షిఫ్టు వేళలు, బస్సు, మరుగుదొడ్డి సంగతులు పంపకముందే కనుక్కోవాలి. ఆ తరువాత అప్రెంటిస్‌షిప్ సంగతి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం పరిధిలోకి 1973 సవరణతో డిప్లొమా వారు కూడా వచ్చారు. ఏడాది శిక్షణ, నెలనెలా స్టైపెండ్ ఉంటాయి, ఆ శిక్షణను చూసే దక్షిణాది బోర్డు చెన్నైలో ఉన్నది. తల్లిదండ్రులు దానిని ఉద్యోగం కాదని చిన్నచూపు చూస్తారు కనుక, వారిని పిలిపించి నీవే నచ్చజెప్పవలసి ఉంటుంది.

సిలబస్ పూర్తి కాదని తోటివారు గొణుగుతారు. వారితో వాదన పెట్టుకోకుండా ఈ ఏడాదికి ఒక్క బ్యాచ్‌తోనే మొదలుపెట్టు.

ఇంకొక చిన్న పని. ఓడల పనిలో వెల్డర్ తన నెంబరును జాయింటు పక్కన కొడతాడు. తరువాత ఎప్పుడు లోపం బయటపడినా అది ఎవరి చేతి పనో తెలుస్తుంది. మన పిల్లలు కూడా రోల్ నెంబరును జాబ్ మీద పంచ్‌తో (అంకె చెక్కిన ఉక్కు అచ్చుతో) కొట్టి, అదే నెంబరును రికార్డు పేజీ మీద వేయాలి. అప్పుడు ఎత్తిరాత దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే ముక్క ఒకటి, రాత ఒకటి అయితే శనివారం నాడు దొరికిపోతారు. నా దగ్గరున్న పాత నెంబరు పంచ్‌ల పెట్టెను ఈ వారంలో మా అబ్బాయి తెచ్చి ఇస్తాడు. పది అంకెలకు అందులో తొమ్మిదే ఉన్నాయని, ఒకటి పోయిందని అనుకోకు. 6నే తిప్పి 9గా కొట్టుకోవాలి. 66వ నెంబరు వాడికీ 99వ నెంబరు వాడికీ తగవు రాకుండా, అంకె అడుగున ఉలితో చిన్న గీత పెట్టుకోమని మొదటి రోజే చెప్పు, అమ్మా.

ఆశీస్సులతో,
నీ మాస్టారు