ఐబీఎంని నిలబెట్టిన బయటివాడు, మీ అబ్బాయి ఎంబీఏ

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ థర్డ్ ఇయర్. కోడింగ్ ఇష్టం లేదు. ‘కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంని కాపాడిన గెర్స్ట్‌నర్ బిస్కెట్ కంపెనీ నుంచి వచ్చాడు, నేనూ ఎంబీఏ చేసి నేరుగా మేనేజ్‌మెంట్‌లోకి వెళ్తా’ అంటున్నాడు. లోన్ తీసి చేర్పించాలా, రెండేళ్లు ఉద్యోగం చేయమనాలా? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. క్యాంపస్‌లో ఉద్యోగం రాకపోతే బాబు ఇంట్లో కూర్చుంటాడేమో, నలుగురికీ ఏం చెప్పాలి అన్నదే మీ అసలు టెన్షన్. ఎంబీఏతో దాన్ని రెండేళ్లు వెనక్కి నెడుతున్నారంతే.

లూ గెర్స్ట్‌నర్ చదివింది కూడా ఇంజనీరింగే. 1965లో హార్వర్డ్ ఎంబీఏ అయ్యాక 28 ఏళ్లు వేరే కంపెనీల్లో పనిచేసి, 51వ ఏట, 1993 ఏప్రిల్‌లో ఐబీఎంకి సీఈఓగా వచ్చారు. అంతకుముందు ఏడాది ఆ కంపెనీ నష్టం దాదాపు 500 కోట్ల డాలర్లు. క్రెడిట్ కార్డుల కంపెనీ అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నప్పుడు ఆయన ఐబీఎంకి కస్టమర్. అక్కడి మేనేజర్ ఒకరు డేటా సెంటర్‌లో ఐబీఎం పోటీదారు అమ్‌డాల్ కంప్యూటర్ ఒకటి పెట్టించారని, ఐబీఎం ప్రతినిధి వచ్చి మొత్తం సపోర్టే ఆపేస్తామన్నాడు. కొనేవాళ్ల కష్టం ఆయనకు అలా తెలుసు. ఐబీఎంలో తొలి రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్లు) విభాగం వాళ్లు స్లయిడ్లు వేస్తుంటే, ఆయనే లేచి ప్రొజెక్టర్ ఆపేసి, మీ వ్యాపారం గురించి మాట్లాడదాం అన్నారు. మెయిన్‌ఫ్రేమ్ ధరలు తగ్గించారు, ముక్కలు చేద్దామనుకున్న కంపెనీని కలిపి ఉంచారు. వేలమంది ఉద్యోగాలూ పోయాయి, అదీ బాబుకి చెప్పండి.

బయటివాళ్లందరికీ ఇలా కలిసిరాలేదు. పెప్సీ నుంచి 1983లో యాపిల్‌కి వెళ్లిన జాన్ స్కల్లీ పదేళ్లకు సీఈఓ పదవి వదులుకోవాల్సి వచ్చింది. మన హైదరాబాద్ సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, ఉద్యోగం చేస్తూనే ఎంబీఏ పూర్తిచేశారు. సీఈఓ అయింది 2014లో.

ఆఫీసు ముఖం చూడకుండా ఎంబీఏకి పరిగెత్తడం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. క్లాసులో ఒక కంపెనీ కష్టం గురించి చర్చ వస్తే, ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు తమ అనుభవం చెబుతారు. ఫ్రెషర్ నోట్స్ రాసుకుంటాడు. నెల తిరిగితే లోన్ వడ్డీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఒక మాట గట్టిగానే అంటాను. కోడింగ్ ఎందుకు ఇష్టం లేదో బాబుని అడిగారా? మీ ఉత్తరంలో లోన్ ఉంది గానీ బాబుకి ఏది ఇష్టమో లేదు. టెస్టింగ్, సపోర్ట్, బిజినెస్ అనలిస్ట్, ప్రీసేల్స్ (అమ్మకానికి ముందు కస్టమర్‌కి వివరించే పని)... కోడింగ్ తక్కువగా ఉండే పనులు బోలెడు. ఆరు నెలలు ఆలస్యమైనా కొంప మునగదు, భయపడకండి. కస్టమర్ ఫోన్ ఎత్తే ఉద్యోగమైనా చేరనివ్వండి. రెండేళ్ల తర్వాత కూడా మేనేజ్‌మెంటే కావాలంటే, ఈసారి బాబునే నాకు రాయమనండి. కాలేజీలు కలిసి చూద్దాం.