రొయ్యల పాస్తా: రొయ్య గట్టిపడకుండా, పాస్తా ముద్దకట్టకుండా

చెల్లెమ్మా, రొయ్యలు రబ్బరులా సాగుతున్నాయి, పాస్తా ముద్దయిపోతోంది అన్నావు. రొయ్యల్ని ఇగురు పెట్టినట్టు సాస్‌లోనే మగ్గిస్తున్నావు, అక్కడే వచ్చింది చిక్కు. బరంపురంలో ఉన్నావు కాబట్టి చిలికా రొయ్యకి కొదవ లేదు, దాన్ని పాడుచేయకు.

వీపు మీది నల్ల నరం తీసి, కడిగాక పొడిగుడ్డతో బాగా అద్దు. తడి ఉంటే వేగవు, నీరు వదిలి ఉడుకుతాయి. వేడెక్కిన మూకుట్లో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఒక్కో వైపు నిమిషం, పెద్దవైతే ఒకటిన్నర. కొడవలిలా వంగగానే తీసి పక్కన పెట్టేయ్. గుండ్రంగా చుట్టుకున్నాయంటే మించిపోయినట్టే.

పాస్తా 200 గ్రాములకి 2 లీటర్ల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు. వేసిన వెంటనే ఓసారి బాగా కలుపు. ప్యాకెట్ మీద రాసిన టైముకి నిమిషం ముందే వార్చు. వార్చేముందు గంజి ఓ కప్పు దాచు. చాలామంది చన్నీళ్లతో కడుగుతారు, అలా చేస్తే సాస్ అంటుకోదు.

అదే మూకుట్లో వెల్లుల్లి, ఎండుమిరప సన్నసెగన వేయించి, పాస్తా, గంజి పోసి చిక్కబడేదాకా తిప్పు. రొయ్యలు చివర్లో, స్టవ్ కట్టేశాక. పైన నిమ్మరసం. మీ వైపు ఇంటింటా ఉండే ఆవనూనె మాత్రం దీనికి వద్దు, ఆ ఘాటుకి వెల్లుల్లి వాసనే తెలీదు. చీజ్ నీ ఇష్టం, నేనైతే వెయ్యను.