సింథటిక్ బయాలజీ పీహెచ్‌డీకి అమ్మాయిని పంపవచ్చా?

"మాది ఒంగోలు. మా అమ్మాయి సింథటిక్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఆ చదువు ల్యాబు గోడలు దాటి మనుషులకి పనికొచ్చేదేనా, పంపవచ్చా?" అని అడిగారు. పంపండి. సింథటిక్ బయాలజీ అంటే జీవుల జన్యువుల్ని మార్చి మనకి కావాల్సిన పని చేయించుకునే చదువు. పనికి రావడం గురించి మీకు అనుమానమే అక్కర్లేదు. షుగరున్న వాళ్ళు వేసుకునే హ్యూమన్ ఇన్సులిన్ బాక్టీరియాలో తయారై 1982లోనే అమెరికాలో అనుమతి తెచ్చుకుంది.

నా బాధ వేరే. ఈ రంగంలో వాళ్ళు జన్యువుల గురించి తెల్లార్లూ మాట్లాడుకుంటారు గానీ, తాము చేసింది రేపు ఎవరి పొలంలో, ఎవరి గుంటలో పడుతుందో వాళ్ళతో పది నిమిషాలు కూర్చోరు.

మాది నెల్లూరు జిల్లా, అల్లూరు పక్క. నాన్న రొయ్యల గుంటలు లీజుకి తీసుకుని చేస్తారు. నేను ఈ రంగంలోనే రీసెర్చ్ స్కాలర్‌ని. రొయ్యల్ని చంపే వైట్ స్పాట్ వైరస్‌ని అణిచే ఆర్‌ఎన్‌ఏ అనే జన్యు పదార్థాన్ని ఇ.కోలై అనే బాక్టీరియా చేత చేయించి, మేతలో కలిపి రొయ్యలకి పెట్టాలని మా ల్యాబులో ఒక ప్రాజెక్టు రాశారు. దరఖాస్తులో "రైతుల అభిప్రాయం" అని ఒక గడి ఉంది. అప్పుడు మా సార్‌కి మా ఊరు గుర్తొచ్చింది.

మా ఊరి రైతుల్ని మేత షెడ్డులో బస్తాల మీద కూర్చోబెట్టాం. ఎండకి ల్యాప్‌టాప్‌లో స్లైడ్లు కనపడవు, గుంటల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ల మోతకి మాట వినపడదు. సార్ ఇంగ్లీషులో చెప్తుంటే నేను తెలుగులో చెప్తున్నా. బాక్టీరియా బయటికి పోతే దానంతట అదే చచ్చేలా కిల్ స్విచ్ పెడతాం అన్నారు. పక్క గుంట పెద్దాయన, రొయ్యలు మేత తింటున్నాయా లేదా చూసే చెక్ ట్రేలోంచి ఒక రొయ్యని తీసి, వెలుతురుకి పట్టుకుని దాని పేగు చూస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఏందమ్మా, ఆ స్విచ్ పని చెయ్యకపోతే ఎవురొస్తారు? నా గుంటలో నీళ్ళు కాలవలోకి పోతాయి, కాలవలో నీళ్ళు ఇంకోడు తోడుకుంటాడు. వాడి రొయ్య చచ్చిందంటే మీ సార్‌ని అడగడు, నా గొంతు మీద కూర్చుంటాడు."

సార్ ఏదో సంభావ్యత లెక్క చెప్పారు. దాన్ని తెలుగులో చెప్పినా ఆయనకి జవాబు కాదు. అంతలో ఇంకోటి అడిగాడు: "యాంటీబయాటిక్ జాడ తగిలితేనే కంటైనర్ వెనక్కి పంపిస్తన్నారే, ఇది పెట్టామని కొనేవోడికి చెప్పాల్నా, వద్దా?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే మార్చిన బాక్టీరియాని మిగతావాటి నుంచి ఏరడానికి యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువు ఒకటి తగిలించడం ల్యాబుల్లో మామూలు. మా దాంట్లోనూ ఉంది. ఆ సంగతి స్లైడ్లలో లేదు. ఆయన చదివింది ఎంతో నాకు తెలియదు గానీ వేలు సరిగ్గా అక్కడే పెట్టాడు. 1994-95లో వైట్ స్పాట్ టైగర్ రొయ్యని తుడిచిపెట్టినప్పుడు అప్పులపాలైన మనిషి, 2009 తర్వాత వనామీ అనే విదేశీ రొయ్యకి మారి మళ్ళీ నిలబడ్డ మనిషి. కొత్త ప్రాణిని గుంటలోకి తెస్తే ఏమవుతుందో ఆయనకి తెలిసినంత మా ల్యాబులో ఎవరికీ తెలియదు.

రిపోర్టులో ఏం రాశారో తెలుసా? "రైతులలో అవగాహన తక్కువ." ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పురుగుని తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయకి జరిగిందీ ఇదే అంటాను. 2009లో కేంద్ర కమిటీ సరేనంది. తర్వాత అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో సభలు పెట్టి జనాన్ని అడిగి, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ సభలేవో ముందే పెట్టుంటే కథ ఇంకోలా ఉండేది. మలేరియా మందు ఆర్టెమిసినిన్ సంగతీ చూడండి. ఈస్ట్ చేత దాని ముడిసరుకు చేయించి 2013లో సనోఫీ అనే మందుల కంపెనీ ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ మందు తీసే మొక్కని పండించే ఆఫ్రికా, ఆసియా రైతుల గతేంటని అప్పుడు గొడవ. తీరా మొక్క నుంచి తీసిందే చవగ్గా దొరకడంతో ఫ్యాక్టరీ అమ్మేసుకున్నారు. రైతు లెక్క ముందే వేసుకోవద్దా?

ఇక అమ్మాయి సంగతి. పీహెచ్‌డీ వాళ్ళకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, కాగితం మీద బాగానే ఉంది, చాలాచోట్ల నెలనెలా పడదు. ఎంజైములు విదేశాల నుంచి రావాలి, కస్టమ్స్‌లో ఇరుక్కుంటే ఐస్ కరిగి డబ్బూ పనీ రెండూ పోతాయి. పెళ్ళికి పోతే "ఇంకా చదువేనా?" అనే అత్తలు తగులుకుంటారు. వాళ్ళని మీరు చూసుకోవాలి, అమ్మాయి మీద వదిలేయకండి. చేరబోయే ల్యాబులో స్టైపెండ్ ఎప్పుడు పడుతుందో గైడుని అడిగితే చెప్పరు, సీనియర్లని అడగమనండి.

చేరేముందు ఒకసారి కొత్తపట్నం వైపు గుంటల దగ్గరికి తీసుకెళ్ళండి. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు మాత్రం వద్దు, కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయనే కౌంట్ గొడవలో ఆ రోజు ఎవరూ మాట్లాడరు.